సదరం శాతం చెప్పని లెక్క: వికలాంగులకు అందని వైద్యాన్ని ఎలా కొలుస్తారు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిన్నప్పుడు పోలియో సోకి ఒక కాలు చచ్చుబడిన 52 ఏళ్ల వ్యక్తి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 60 శాతం అని ఉంది. నెలనెలా పింఛను వస్తోంది, బస్‌పాస్ ఉంది. ప్రభుత్వ రికార్డుల్లో ఆయన 'లబ్ధిదారు'. అంటే ఆయనకు అందాల్సినవి అందుతున్నట్టే లెక్క.

కానీ నాలుగేళ్లుగా ఆయనకు బాగున్న కాలు కూడా నొప్పి పెడుతోంది. కర్ర మీద బరువు వేసి వేసి భుజం పట్టేసింది. కాలిపర్ బెల్టు తెగి ఏడాది దాటింది. షుగర్ ఉందో లేదో తెలియదు, ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. ఆస్పత్రికి వెళ్లాలంటే ఆటోకు డబ్బులు కావాలి, తోడు వచ్చే మనిషి ఒక రోజు కూలి వదులుకోవాలి.

ఈ అవసరాల్లో ఒక్కటి కూడా ఏ రికార్డులోనూ నమోదు కాలేదు. రికార్డులో ఉన్నది 60 అనే అంకె ఒక్కటే. ప్రజారోగ్య పరిభాషలో వీటిని 'తీరని ఆరోగ్య అవసరాలు' అంటారు. వీటిని ఎలా కొలుస్తారు? మన రెండు రాష్ట్రాల్లో ఆ కొలత ఎంతవరకు జరుగుతోంది?

(పదం గురించి ఒక మాట. కేంద్రం 'దివ్యాంగులు' అంటోంది, ఆంధ్రప్రదేశ్‌లో శాఖ పేరు 'విభిన్న ప్రతిభావంతుల' సంక్షేమ శాఖ, తెలంగాణలో 'వికలాంగుల' సాధికారత శాఖ. చాలా హక్కుల సంఘాలు తమ పేర్లలో వికలాంగులు అనే రాసుకుంటున్నాయి కాబట్టి ఇక్కడ ఆ మాటే వాడుతున్నాం.)

శాతం దేనికి, అవసరం దేనికి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సదరం ఒక సాఫ్ట్‌వేర్ పేరు. క్యాంపులో వైద్యులు పరీక్షించి, అవయవం పనితీరు ఎంత దెబ్బతిన్నదో మార్గదర్శకాల ప్రకారం శాతంగా నమోదు చేస్తారు. 40 శాతం, అంతకు మించితే పింఛను, రిజర్వేషన్, రాయితీల వంటి వాటికి దారి తెరుచుకుంటుంది. 2021 జూన్ 1 నుంచి దేశవ్యాప్తంగా వైకల్య సర్టిఫికెట్లను యూడీఐడీ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలని కేంద్రం నిర్దేశించింది. పోర్టల్ మారినా పద్ధతి మాత్రం అదే. చివరికి చేతికి వచ్చేది ఒక శాతం.

ఈ శాతం అర్హతను తేల్చడానికి పుట్టింది. చికిత్స అవసరాన్ని తేల్చడానికి కాదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలా ఇబ్బందులు వస్తున్నాయి.

ఒకే శాతం ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. ఒకరు పుట్టుకతో చూపు లేని ఉపాధ్యాయుడు. నలభై ఏళ్లుగా ఆ జీవితానికి అలవాటు పడ్డారు. ఆయనకు కావాల్సిన వైద్యం దాదాపుగా మన అందరికీ కావాల్సినదే: బీపీ, షుగర్, పళ్లు, మోకాళ్లు. ఇంకొకరు రెండేళ్ల క్రితం తాటిచెట్టు మీది నుంచి పడి వెన్నెముక దెబ్బతిన్న గీత కార్మికుడు. ఆయనకు రోజూ మూత్రం గొట్టాలు కావాలి. వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడకుండా ప్రత్యేక పరుపు కావాలి. మూత్ర ఇన్‌ఫెక్షన్ వస్తే వెంటనే చూసే డాక్టర్ కావాలి. ఫిజియోథెరపీ కావాలి. సర్టిఫికెట్ చూస్తే ఇద్దరివీ పెద్ద అంకెలే. అవసరాలకు మాత్రం పోలికే లేదు.

మరోవైపు 35 శాతం వినికిడి లోపం ఉన్న పాప ఉంటుంది. 40 దాటలేదు కాబట్టి పింఛను రాదు. కానీ వినికిడి యంత్రం, మాటల శిక్షణ అందకపోతే చదువు వెనకబడేది ఆ పాపకే.

తలసేమియా, సికిల్ సెల్ వ్యాధులను 2016 చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. వీటి విషయంలో శాతం మరీ తక్కువ చెబుతుంది. తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు సుమారు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. శరీరంలో పేరుకునే ఇనుమును తొలగించే మందులు వాడుతూనే ఉండాలి. అంటే ఇక్కడ అవసరాన్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. సర్టిఫికెట్‌లో ఆ క్యాలెండర్ ఉండదు.

ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు రూ. 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ. 15,000. తెలంగాణలో రూ. 4,016. మొత్తం పెరిగేకొద్దీ అనర్హుల ఏరివేత మీద దృష్టి కూడా పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల పింఛన్‌దారులను మళ్లీ వైద్య పరీక్షలకు పిలిచారు. అనర్హులను గుర్తించడం ప్రభుత్వ పనే, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఒక మనిషిని ఆస్పత్రి దాకా రప్పించి, డాక్టర్ ముందు కూర్చోబెట్టి, శాతం మాత్రమే తేల్చి పంపడం చేతికొచ్చిన అవకాశాన్ని జారవిడుచుకోవడమే. అదే టేబుల్ మీద బీపీ చూసి, 'మీకు ఇంకా ఏ వైద్యం కావాలి, ఎందుకు అందడం లేదు' అని రెండు ప్రశ్నలు అడిగి ఉంటే రాష్ట్రం దగ్గర ఈపాటికి విలువైన సమాచారం ఉండేది.

'తీరని అవసరం' అంటే ఏమిటి?

సూత్రం సులువే. ఒక మనిషికి వైద్యం అవసరమైంది, ఆ వైద్యం ఉంది, కానీ అందలేదు, లేదా ఆలస్యంగానో అరకొరగానో అందింది. ఆ తేడానే తీరని అవసరం. మానసిక ఆరోగ్యంలో దీన్ని 'చికిత్సలో అంతరం' అంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో జబ్బును బట్టి ఈ అంతరం 70 నుంచి 92 శాతం దాకా ఉంది. అంటే కొన్ని సమస్యల్లో చికిత్స కావాల్సిన పది మందిలో తొమ్మిది మందికి అది అందడం లేదు.

వికలాంగుల విషయంలో అవసరాలను మూడు రకాలుగా విడదీసి చూడాలి. మొదటిది అందరికీ ఉండే అవసరాలు: జ్వరం, కాన్పు, టీకాలు, క్యాన్సర్ పరీక్షలు, పంటి నొప్పి. రెండోది వైకల్యానికి సంబంధించినవి: ఫిజియోథెరపీ, కృత్రిమ కాలు, వినికిడి యంత్రం, మూర్ఛ మందులు. మూడోది వైకల్యం కారణంగా కాలక్రమంలో వచ్చిపడేవి: చక్రాల కుర్చీలో కూర్చునేవారికి పుండ్లు, కర్రలతో నడిచేవారికి భుజం అరుగుదల, ఇంటికే పరిమితమైనవారికి బరువు, దిగులు.

సర్వేలు, పథకాలు ఎక్కువగా రెండో రకం చుట్టూనే తిరుగుతాయి. ట్రైసైకిల్ పంచితే ఫొటో వస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న మహిళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జరిగిందా అని అడిగేవారు తక్కువ. వైకల్యం ఉన్న మనిషి ఏ బాధ చెప్పినా 'అది నీ వైకల్యం వల్లే' అని తోసిపుచ్చడం కూడా ఉంది. మాటలు రాని యువకుడు తల గోడకేసి కొట్టుకుంటుంటే ప్రవర్తన సమస్య అనుకుంటారు. నోరు తెరిపించి చూస్తే పుచ్చిపోయిన దవడ పన్ను కనిపించవచ్చు. ఇలా వైకల్యం చాటున జబ్బు కనపడకుండా పోతుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, గణనీయమైన వైకల్యం ఉంది. వారిలో కొందరు ఇతరులకంటే 20 ఏళ్ల ముందుగానే చనిపోతున్నారు. ఆస్తమా, డిప్రెషన్, మధుమేహం, పక్షవాతం వంటివి వచ్చే ముప్పు వికలాంగులకు రెట్టింపు. ఇందులో చాలా భాగం వైకల్యం వల్ల కాదని, పేదరికం, వివక్ష, వైద్యం అందకపోవడం వంటి నివారించదగిన కారణాల వల్లేనని ఆ నివేదిక స్పష్టంగా చెప్పింది.

అసలు ఎంతమంది? 2 శాతమా, 12 శాతమా?

అవసరాన్ని కొలవాలంటే ముందు మనుషులను లెక్కించాలి. ఇక్కడే మొదటి చిక్కు.

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, జనాభాలో 2.21 శాతం. ఇప్పటి సరిహద్దుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 12.2 లక్షలు, తెలంగాణలో సుమారు 10.5 లక్షలు. 2018 జులై-డిసెంబరులో జరిగిన 76వ జాతీయ నమూనా సర్వేలోనూ దేశవ్యాప్త శాతం 2.2గానే వచ్చింది. రెండు లెక్కలూ కలిశాయి కదా, ఇక సందేహమెందుకు అనిపించవచ్చు.

అయితే మహబూబ్‌నగర్ జిల్లాలో జరిగిన ఒక అధ్యయనం వేరే సంగతి చెప్పింది. లండన్‌లోని ప్రజారోగ్య కళాశాల, మన దేశ పరిశోధకులు కలిసి చేసిన ఆ అధ్యయనం ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. 3,574 మందిని ప్రశ్నలు అడగడంతో పాటు చూపు, వినికిడి, కీళ్లు-కండరాలు, మూర్ఛ, డిప్రెషన్ కోసం పరీక్షించారు. రెండింటినీ కలిపి చూస్తే వైకల్యం 12.2 శాతం మందిలో కనిపించింది. జనగణన లెక్కకు ఐదు రెట్లు.

ఇంత తేడా ఎందుకు? జనగణనలో ఎన్యూమరేటర్ అడిగేది సూటి ప్రశ్న: ఈ వ్యక్తికి మానసిక లేదా శారీరక వైకల్యం ఉందా? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు 'ఉంది' అని చెప్పడం తేలిక కాదు. పెళ్లి కావాల్సిన పిల్ల ఉంటే అసలే చెప్పరు. డెబ్బై ఏళ్ల ముసలాయనకు చెవులు వినపడకపోతే 'వయసు మీద పడింది' అంటారు తప్ప వైకల్యం అనరు. 'బుర్ర సరిగా లేదు' అని నలుగురిలో చెప్పుకోవడానికి ఇష్టపడరు.

అందుకే ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 2001లో ఏర్పాటు చేసిన వాషింగ్టన్ గ్రూపు వేరే దారి ఎంచుకుంది. అసలు 'వైకల్యం' అనే మాటే వాడకుండా ఆరు ప్రశ్నలు రూపొందించింది. కళ్లజోడు పెట్టుకున్నా చూడటానికి కష్టంగా ఉందా? వినికిడి యంత్రం ఉన్నా వినడానికి కష్టంగా ఉందా? నడవడానికి, మెట్లెక్కడానికి? గుర్తుంచుకోవడానికి, మనసు పెట్టడానికి? స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం వంటి సొంత పనులకు? చెప్పేది ఎదుటివారికి అర్థం కావడానికి? ప్రతిదానికీ నాలుగే జవాబులు: కష్టం లేదు, కొంచెం కష్టం, చాలా కష్టం, అసలు చేయలేను. కనీసం ఒకదానికి 'చాలా కష్టం' లేదా 'చేయలేను' అని వస్తే ఆ వ్యక్తిని వైకల్యం ఉన్నవారిగా లెక్కిస్తారు.

ఈ ఆరు ప్రశ్నలు అడగడానికి కొద్ది నిమిషాలు చాలు. అయితే ఇవి కూడా అందరినీ పట్టుకోలేవు. ప్రశ్నలకు 'కష్టమేమీ లేదు' అన్నవారిలో కొందరికి పరీక్షల్లో లోపం బయటపడినట్టు మహబూబ్‌నగర్ అధ్యయనమే చూపించింది. ముఖ్యంగా దిగులు, ఆందోళన వంటివి ఈ ఆరింటిలో సరిగా దొరకవు.

మరో ఇబ్బంది ఉంది. 2019-21 నాటి ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వైకల్యం గురించి ప్రశ్న పెట్టారు. ఆరో విడతలో తీసేశారు. టీకాలు, కాన్పులు, రక్తహీనత వంటి వివరాలన్నీ సేకరించే సర్వే అది. ఆ ప్రశ్న కొనసాగి ఉంటే వికలాంగ మహిళల్లో ఎంతమందికి గర్భిణిగా పరీక్షలు జరిగాయి, పిల్లల్లో ఎంతమందికి టీకాలు పడ్డాయి అని ఇతరులతో పోల్చి చూసే వీలుండేది.

'వైద్యం అందిందా?' అని అడిగితే సరిపోదా?

చాలా దేశాల్లో వాడే ప్రశ్న ఇది: గత 12 నెలల్లో మీకు వైద్యం అవసరమై కూడా పొందలేకపోయిన సందర్భం ఉందా? ఉంటే కారణం ఏమిటి? డబ్బా, దూరమా, తోడు లేకనా, ఆస్పత్రిలో తీరు నచ్చకనా? ఈ కారణాల భాగమే అసలు ఉపయోగపడేది. డబ్బు సమస్యకు ఆరోగ్య కార్డు మందు కావచ్చు. దూరం సమస్యకు కాదు. వికలాంగులకు ఆస్పత్రికి చేరుకోవడం ఇతరులకంటే 15 రెట్లు కష్టమవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెబుతోంది. కారణాలు అడగని సర్వే ఈ రెండు సమస్యలనూ ఒకే గాటన కట్టేస్తుంది.

కానీ ఈ ప్రశ్నకు జవాబు నమ్మదగిందిగా ఉండాలంటే రెండు జాగ్రత్తలు కావాలి.

ఒకటి, ఎవరిని అడుగుతున్నాం? సాధారణంగా సర్వేకు వెళ్లినవారు ఇంటి పెద్దను అడిగి రాసుకుంటారు. కోడలికి చెవుడు ఉంటే ఆమె గురించి అత్త చెబుతుంది. ఆమెకు నెలసరి సమస్య ఉందనీ, డాక్టర్‌తో సైగల భాష తెలిసినవారెవరూ లేక చెప్పుకోలేకపోయిందనీ ఆ జవాబులో రాదు. వికలాంగులను నేరుగా, వీలైతే విడిగా అడగాలి. సైగల భాష తెలిసినవారిని వెంట తీసుకెళ్లాలి. మేధో వైకల్యం ఉన్నవారికి బొమ్మలతో, తేలిక మాటలతో అడిగే పద్ధతులు ఉన్నాయి.

రెండోది ఇంకా కష్టమైనది. ఏళ్ల తరబడి అందనిదాన్ని మనుషులు అడగడం మానేస్తారు. మొదట్లో చెప్పుకున్న పోలియో వ్యక్తినే తీసుకోండి. పోలియో సోకిన దశాబ్దాల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడటం, నొప్పులు, విపరీతమైన నీరసం రావడం వైద్యులకు తెలిసిన సమస్యే. దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. పోలియో పోయింది, పోలియో తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ తరంలో చాలామంది ఇప్పుడు నలభైలు, యాభైలు, అరవైల్లో ఉన్నారు. వారిని సర్వేలో 'వైద్యం అవసరమైందా' అని అడిగితే 'నా కాలు ఎప్పుడూ ఇంతేనండి' అంటారు. కొత్తగా వచ్చిన బలహీనతకు చికిత్స, వ్యాయామాలు, తేలికపాటి కాలిపర్లు ఉన్నాయని తెలియనప్పుడు అవసరం అన్న మాటే నోటికి రాదు. సర్వేలో అది 'తీరని అవసరం లేదు' కింద పడిపోతుంది. పట్టించుకోవాల్సిన మనిషే లెక్కల్లో తృప్తిగా ఉన్నట్టు తేలుతాడు.

కాబట్టి మంచి అంచనాలో మూడు పనులు కలిపి చేస్తారు. నోటితో అడుగుతారు. చేత్తో పరీక్షిస్తారు. అదే ఊళ్లో అదే వయసున్న, వైకల్యం లేనివారితో పోలుస్తారు. ఈ మూడోది మన దగ్గర జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో ఒక్కో జిల్లాలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 839 మంది వికలాంగులను, వారికి సరిపోలే 1,153 మందితో పోల్చారు. వైద్యం పొందడంలో అడ్డంకులు ఎదురైనట్టు చెప్పినవారు వికలాంగుల్లోనే ఎక్కువ. పోలిక లేకపోతే 'పల్లెల్లో అందరికీ ఇదే బాధ కదా' అని కొట్టిపారేయడం సులువు.

పరికరాల విషయంలో ఇంకో మెట్టు ఉంది. యంత్రం ఇచ్చారా అన్నది కాదు, అది పనిచేస్తోందా అన్నది ప్రశ్న. క్యాంపులో ఇచ్చిన వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోయి పెట్టెలో పడి ఉంటే లెక్కల్లో అవసరం తీరినట్టే, మనిషికి మాత్రం వినపడదు. కంటి వైద్యంలో ఈ చిక్కును పరిష్కరించుకున్నారు. కళ్లజోడు ఉన్నవారిని కాకుండా, కళ్లజోడుతో సరిగా చూడగలుగుతున్నవారినే అవసరం తీరినవారిగా లెక్కిస్తారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 లక్ష్యాలను కూడా ఈ కొలతతోనే పెట్టుకుంది. కాలిపర్లకు, చక్రాల కుర్చీలకు కూడా ఇదే లెక్క పెట్టాలి.

ఆస్పత్రిని కూడా పరీక్షించాలి

అవసరం తీరకపోవడానికి కారణం చాలాసార్లు మనిషిలో ఉండదు, భవనంలో ఉంటుంది. వికలాంగుల హక్కుల చట్టం-2016లోని 25వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల్లో అన్ని భాగాలకూ అడ్డంకులు లేకుండా వెళ్లగలగాలి. వికలాంగులకు చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలి. నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడి, ముఖ్యంగా గ్రామాల్లో, దగ్గర్లోనే ఉచిత వైద్యం అందించాలి. వికలాంగ మహిళలకు లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య సేవలు కల్పించాలి. పిల్లలను ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షించాలి.

అయినా ఆస్పత్రుల తనిఖీ అంటే ర్యాంపు ఉందా లేదా అని చూసి టిక్కు పెట్టడంగా మారింది. ర్యాంపు ఎక్కిన తర్వాత ఏమవుతుంది? ఓపీ చీటీ కౌంటర్ కిటికీ చక్రాల కుర్చీలో ఉన్నవారికి అందుతుందా? మరుగుదొడ్డి తలుపు వెడల్పు ఎంత? పరీక్ష మంచం ఎత్తు తగ్గించవచ్చా? నిలబడలేని మనిషి బరువు ఎలా తూస్తారు? మందు మోతాదు బరువును బట్టి ఇవ్వాల్సినప్పుడు ఇది చిన్న విషయం కాదు. పేరు పిలిస్తే వినపడని రోగికి తన వంతు వచ్చిందని ఎలా తెలుస్తుంది? చూపు లేనివారికి మందుల చీటీ ఎవరు చదివి చెబుతారు?

డబ్బు సంగతి వేరే. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. తెలంగాణలో పరిమితి రూ. 10 లక్షలు. ఆ అంకె పెద్దదే. కానీ వెన్నెముక దెబ్బతిన్న మనిషి ఖర్చు ఆపరేషన్‌తో అయిపోదు. గొట్టాలు, డైపర్లు, పుండ్లకు కట్లు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు ఫీజు, ఆటో కిరాయి ఆ తర్వాతే మొదలవుతాయి, జీవితాంతం సాగుతాయి.

మన దగ్గర ఉన్న ఏర్పాట్లు

కొత్త సర్వే, కొత్త యాప్ లేకుండానే కొంత పని జరిగే వీలుంది. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి నింపే పత్రంలో చూపు మసకబారడం, వినికిడి కష్టం గురించి ఇప్పటికే అడుగుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పాఠశాల విద్యాశాఖ కింద భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో పిల్లలకు ఫిజియోథెరపీ ఇస్తారు. పింఛన్ల జాబితా ఎలాగూ పంచాయతీ దగ్గరే ఉంది.

కొరత వీటిని కలిపే దారంలో ఉంది. భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టుకు తెలిసిన విషయం పీహెచ్‌సీ డాక్టర్‌కు చేరదు. పింఛను జాబితా సంక్షేమ శాఖది, ఆరోగ్య రికార్డు వైద్య శాఖది. పిల్లకు 18 దాటగానే బడి వైపు నుంచి అందేది ఆగిపోతుంది, పెద్దల వైపు నుంచి అందుకునేవారు ఉండరు.

ఊరంతటి అవసరాన్ని ఒకేసారి కొలిచి, అక్కడికక్కడే తీర్చిన ఉదాహరణ కావాలంటే తెలంగాణ కంటి వెలుగు కార్యక్రమాన్ని చూడవచ్చు. 2018 ఆగస్టు 15న మొదలైంది, రెండో విడత 2023 జనవరిలో. జనం వచ్చి అడిగేదాకా ఆగకుండా ఊళ్లలోనే శిబిరాలు పెట్టి పరీక్షించారు, కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చారు. పద్ధతిగా చూస్తే ఇది మంచి నమూనా. దాని హద్దు కూడా గమనించాలి: శిబిరం దాకా రాలేని మనిషి ఎంత పెద్ద శిబిరంలోనైనా లెక్కకు రాడు. మంచం మీద ఉన్నవారి కోసం ఇంటికే వెళ్లాలి.

మీ ఊళ్లో, మీ ఇంట్లో ఏం చేయవచ్చు?

పంచాయతీ, వికలాంగుల సంఘం, మహిళా సంఘం ఎవరైనా ఈ అంచనాను చిన్న స్థాయిలో చేయవచ్చు. పింఛను జాబితాతో మొదలుపెట్టండి, కానీ దానితో ఆగవద్దు. 40 శాతం రానివారు, సర్టిఫికెటే లేనివారు అందులో ఉండరు. 76వ నమూనా సర్వే ప్రకారం దేశంలో వికలాంగుల్లో వైకల్య సర్టిఫికెట్ ఉన్నవారు 28.8 శాతమే. అందుకే ఇంటింటా ఆరు ప్రశ్నలు అడగాలి. 'చాలా కష్టం' అన్నవారి దగ్గర ఆగి మరికొన్ని అడగాలి: చివరిసారి బీపీ, షుగర్ ఎప్పుడు చూశారు? నొప్పి ఎక్కడ? ఏ పరికరం ఉంది, అది పనిచేస్తోందా? ఏడాదిలో వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన సందర్భం ఉందా, ఎందుకు? ఇంట్లో చూసుకునేవారి ఆరోగ్యం ఎలా ఉంది? ఈ చివరి ప్రశ్న చాలామంది మరచిపోతారు. పాతికేళ్ల కొడుకును రోజూ ఎత్తి దించే తల్లి నడుము కూడా తీరని అవసరమే.

రాసుకున్నదాన్ని పేర్లు తీసేసి, అవసరాల వారీగా లెక్కకట్టి పీహెచ్‌సీ వైద్యాధికారికి, మండల అధికారులకు ఇవ్వండి. 'మా ఊళ్లో వికలాంగులకు ఇబ్బందిగా ఉంది' అనే అర్జీకి, 'పదకొండు మందికి ఫిజియోథెరపీ కావాలి, ఆరుగురు ఇల్లు కదలలేరు' అనే అర్జీకి చాలా తేడా ఉంటుంది. ఆరోగ్య వివరాలు వ్యక్తిగతమైనవి. సమ్మతి లేకుండా ఎవరి పేరూ జాబితాలో పెట్టవద్దు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పవద్దు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి రూ. లక్ష వరకు వర్తిస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు. ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే చికిత్స, థెరపీ, ప్రయాణ ఖర్చులకూ ఇందులో చోటుంది. ఆరోగ్యశ్రీ వదిలేసిన ఖాళీలో కొంత భాగం దీనితో పూడుతుంది. మానసిక సమస్యలకు టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆస్పత్రిలో ప్రవేశం, ప్రాధాన్యం వంటి హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 2016 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలో ఈ అధికారి ఉండాలి. తేదీ, ఓపీ చీటీ నకలు, ఏ సదుపాయం లేక ఏం జరిగిందో జతచేస్తే ఫిర్యాదుకు బలం వస్తుంది.

ఇక తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఎన్యూమరేటర్ మీ ఇంటికి వచ్చి వైకల్యం గురించి అడిగినప్పుడు వికలాంగులను లోపలి గదిలో ఉంచి మీరే జవాబు చెప్పేయకండి. వారిని ముందుకు రానివ్వండి, వారినే చెప్పనివ్వండి. చెవులు వినపడని తాతను, మందులు వాడుతున్న చెల్లిని కూడా దాచకుండా చెప్పండి.

పాత సర్టిఫికెట్ ఉన్న పోలియో బాధితులు నలభై దాటాక కొత్తగా నీరసం, నొప్పి, కాలు పట్టు తప్పడం కనిపిస్తే 'ఇది మామూలే' అనుకోకుండా జిల్లా ఆస్పత్రి లేదా బోధనాస్పత్రిలో ఎముకల వైద్యుడినో, నరాల వైద్యుడినో కలవండి. వెళ్లేటప్పుడు కాలిపర్ కూడా వెంట తీసుకెళ్లండి, తెగిన బెల్టుతో సహా.